సీఓ అటైన్‌మెంట్ 2.36 వచ్చింది, పిల్లలు మాత్రం కవిత చదవలేకపోయారు

సుద్దముక్క | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. ఏపీలో ఒక అఫిలియేటెడ్ డిగ్రీ కాలేజీలో బీఏ ఇంగ్లిష్ చెబుతున్నాను, పదకొండేళ్లయింది. న్యాక్ (కాలేజీల నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే సంస్థ) ఫైలు కోసం సీఓ-పీఓ అటైన్‌మెంట్ షీటు నింపమన్నారు. సీఓ (కోర్స్ ఔట్‌కమ్) అంటే ఒక పేపరు చదివాక పిల్లలకు ఏం రావాలి, పీఓ (ప్రోగ్రామ్ ఔట్‌కమ్) అంటే మొత్తం డిగ్రీ అయ్యాక ఏం రావాలి అన్నది. అవి ఎంతవరకు అందాయో అంకెల్లో చూపించే షీటు అది. నాలుగు రోజులు దాంతోనే కూర్చున్నాను. నింపాను కూడా. కానీ నింపాక మనసులో ఏదో నలుగుతోంది, అందుకే ఇక్కడ రాస్తున్నా.

లెక్క ఇదీ. పోయెట్రీ పేపరు, 42 మంది పిల్లలు. ఇంటర్నల్ 25, ఎక్స్‌టర్నల్ 75. సగం మార్కులు దాటినవాళ్లు 70 శాతం ఉంటే లెవెల్ 3, 60 నుంచి 70 లోపు అయితే 2, 50 నుంచి 60 లోపు అయితే 1. ఇంటర్నల్‌లో 36 మంది దాటారు, అంటే 3. ఎక్స్‌టర్నల్‌లో 27 మంది, అంటే 64.3 శాతం, లెవెల్ 2. రెండూ వాటి వాటి వెయిటేజీతో కలిపితే 2.25. దీనికి 80 శాతం, స్టూడెంట్ ఎగ్జిట్ సర్వేకి (కోర్సు చివర పిల్లలే నింపే అభిప్రాయాల ఫారం) 20 శాతం. సర్వేలో 2.8 వచ్చింది. మొత్తం 2.36. టార్గెట్ 2.0 కాబట్టి "అటైన్డ్" అని పచ్చరంగు గడి.

ఈ పేపరుకి సీఓలు ఐదు. ఐదింటికీ 2.36 వచ్చింది! ఎందుకంటే యూనివర్సిటీ మాకు పంపేది టోటల్ మార్కులే, ప్రశ్నల వారీగా రావు. మూడో ప్రశ్న ఎవడు రాశాడో, ఐదో ప్రశ్న ఎవడు వదిలేశాడో మాకు తెలియదు. కాబట్టి "ఛందస్సు గుర్తించగలరు" అన్న దానికీ 2.36, "కవితను విమర్శనాత్మకంగా చదవగలరు" అన్న దానికీ అదే 2.36.

ఇదంతా అయ్యాక శుక్రవారం నాడు ఊరికే ఒక పని చేశాను. మా కొలీగ్ సరదాగా రాసుకున్న 12 లైన్ల ఇంగ్లిష్ కవిత ఒకటి జిరాక్స్ తీయించి క్లాసులో పంచాను. ఏ గైడులోనూ ఉండదు కదా. బస్టాండులో ఒకమ్మ, పక్కన కొడుకు, వాడు ఐస్ కావాలని మారాం చేస్తుంటాడు, ఆవిడ చిల్లర లెక్కపెట్టుకుంటూ ఉంటుంది. తొమ్మిదో లైన్లో "బస్సు వచ్చేసింది, పద" అంటుంది. నిజానికి బస్సు రాలేదు. మూడు ప్రశ్నలు ఇచ్చాను: ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు, స్వరం ఎక్కడ మారింది, ఎందుకు మారింది. ఆ రోజు 38 మంది వచ్చారు. కవితలోని మాట పట్టుకుని జవాబు రాసినవాళ్లు 9 మంది. ఇంకో 12 మంది కవితనే వాక్యాల్లో పెట్టి తిరగరాశారు. మిగిలిన 17 మంది "ఈ కవితలో కవి ప్రకృతి అందాన్ని అద్భుతంగా వర్ణించారు" అని రాశారు. ఆ కవితలో చెట్టు కూడా లేదండీ.

మీ దగ్గర ఎలా ఉంది? అసలు నేర్చుకున్నదాన్ని నిజంగా కొలిచినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

ఫైళ్లరాజు | సోమవారం, రాత్రి 10:15

మేడమ్, నేను మా కాలేజీలో ఐక్యూఏసీ (నాణ్యత వ్యవహారాలు, న్యాక్ ఫైళ్లు చూసే విభాగం) కోఆర్డినేటర్‌ని, కాబట్టి తిట్లు పడేది నాకే అని తెలుసు. అయినా ఒక మాట. న్యాక్‌లో రెండో క్రైటీరియన్ అంటే బోధన, అభ్యసనం, మూల్యాంకనం. అఫిలియేటెడ్ కాలేజీలకు 1000లో 350 దానికే. అందులో 2.6 కింద ఔట్‌కమ్స్ రాసి వెబ్‌సైట్లో పెట్టారా, అవి అందాయో లేదో చూశారా, ఎంతమంది పాసయ్యారు అని అడుగుతారు. వాళ్లు ఫలానా ఫార్ములాతోనే కట్టమనలేదు. 70, 60, 50 అన్నవి మనం మనం పెట్టుకున్న గీతలు. పక్క కాలేజీ షీటు తెచ్చుకుని పేరు మార్చుకున్నది కూడా మనమే కదా.

పాతరోజుల్లో సిలబస్ అయిందా లేదా అన్నదొక్కటే ప్రశ్న. పిల్లాడికి ఏం వచ్చింది అని కాగితం మీదైనా ఎవరూ అడగలేదు. ఇప్పుడు కనీసం అడుగుతున్నారు.

ఐరన్‌మాస్టారు | సోమవారం, రాత్రి 11:02

అడుగుతున్నారు, మనం అబద్ధం చెబుతున్నాం. లెక్క సరిపోయింది.

నేను రిటైరై మూడేళ్లు. స్పాట్ వాల్యుయేషన్, అంటే యూనివర్సిటీ పేపర్లు ఒకచోట కూర్చుని దిద్దడం, ఇరవై ఏళ్లు చేశాను. పూటకు 20 పేపర్లు, రోజుకు 40. టీలు, సంతకాలు, బండిల్ లెక్కలు పోను పేపరుకి ఏడెనిమిది నిమిషాలు మిగిలితే గొప్ప. అందులో పోయెట్రీ ఎస్సేలు. ఒకసారి ఒకే బండిల్లో వరసగా పదిహేను ఇరవై పేపర్లలో "ఈ కవితలో ఐరన్ ఎక్కువగా కనిపిస్తుంది" అని వచ్చింది. ఐరనీ, అంటే వ్యంగ్యం, అనాల్సింది. ఆ ఏడు గైడులో అచ్చుతప్పు పడిందట, ఒక్కడికీ అనుమానం రాలేదు. ఇనుము కవిత్వంలోకి ఎలా వచ్చిందిరా అని అడిగేవాడు లేడు. నా ఐడీ అలా పుట్టిందే.

మరి నేనేం చేశాను? స్కీములో (దిద్దేవాళ్లకిచ్చే జవాబుల కాగితం) ఉన్న పాయింట్లు వాళ్లు రాశారు, నేను మార్కులు వేశాను. వేయకపోతే రీవాల్యుయేషన్‌లో ఎలాగూ వేస్తారు. మేడమ్ గారి 27 మందిలో ఇనుము గాళ్లు ఎందరో ఎవరికి తెలుసు.

బీటెక్‌ఇంగ్లిష్ | మంగళవారం, ఉదయం 7:30

మాస్టారూ, పొద్దున్నే నవ్వించారు 😀

ఈ వ్యవహారం ఎక్కడ మొదలైందో చెప్తాను, ఎందుకంటే మేము ముందే మునిగాం. 2014లో మన దేశం వాషింగ్టన్ అకార్డ్‌లో శాశ్వత సభ్యత్వం తీసుకుంది, అంటే ఎన్‌బీఏ (ఇంజినీరింగ్ లాంటి కోర్సులకు గుర్తింపు ఇచ్చే బోర్డు) టైర్-1 గుర్తింపు ఉన్న ఇంజినీరింగ్ కోర్సుకి మిగతా సభ్య దేశాల్లోనూ విలువ. దానికి షరతు ఔట్‌కమ్ పద్ధతి. అప్పట్లో 12 పీఓలు ఇచ్చారు. సివిల్, మెకానికల్ వాళ్లకు కొంతవరకు అతుకుతుంది, బీమ్ డిజైన్ చేయగలడా లేదా అంటే చూసి చెప్పొచ్చు. ఫస్టియర్ ఇంగ్లిష్ చెప్పే నాకూ అదే టేబుల్ ఇచ్చారు. మొదటి పీఓ "ఇంజినీరింగ్ నాలెడ్జ్". దానికి నా పేపరు ఎంత తోడ్పడుతుందో 1, 2, 3లలో వేయాలట. గీత పెట్టి వదిలేశాను. ఖాళీలు ఉండకూడదు అన్నారు. 1 వేశాను. రిపోర్ట్ రైటింగ్ చెబుతాను కాబట్టి ఇంజినీరింగ్ నాలెడ్జ్ పెరిగిందన్నమాట.

ఆ టేబులే తర్వాత బీఏ, బీకాం వైపు నడిచొచ్చింది. యూజీసీ 2019లో బీఏ ఇంగ్లిష్‌కి విడిగా లెర్నింగ్ ఔట్‌కమ్స్ ఫ్రేమ్‌వర్క్ ఇచ్చింది, అది చదివితే కాస్త నయం. మన సబ్జెక్టు గురించే మాట్లాడుతుంది. దాన్ని తెరిచి చూసినవాళ్లు మా చుట్టుపక్కల ఇద్దరు. ఒకడిని నేను.

మేడమ్, ఇంకోటి. మీ షీట్లో ఆ 70ని 60 చేసి చూడండి.

సుద్దముక్క | మంగళవారం, మధ్యాహ్నం 1:20

చూశాను బీటెక్ సార్. 64.3 కాస్తా లెవెల్ 3 అయిపోయింది. డైరెక్ట్, అంటే పరీక్షల భాగం, 3.0, మొత్తం 2.96. ఒక్క గడి మార్చాను. పిల్లలు ఎక్కడివాళ్లు అక్కడే ఉన్నారు.

మా ప్రిన్సిపాల్ గారికి ఇది చెప్పనండీ, చెప్తే వెంటనే 60 చేయమంటారు.

పాతబ్యాచ్ | మంగళవారం, సాయంత్రం 6:45

నేను స్టూడెంట్ వైపు నుంచి మాట్లాడతాను. మూడేళ్ల కింద బీఏ ఇంగ్లిష్ అయింది, ఇప్పుడు బీఈడీ. కాలేజీ పేరు చెప్పను.

ఆ ఎగ్జిట్ సర్వే సంగతి. మా క్లాసులో సీఆర్ (క్లాస్ రిప్రజెంటేటివ్) ఫోన్ తీసుకుని అందరి రోల్ నంబర్లతో తనే కొట్టేశాడు. పాపం వాడికీ ఓపిక ఉండాలి కదా, చివర్లో అన్నీ "స్ట్రాంగ్లీ అగ్రీ". మేడమ్ వాళ్ల 2.8 అలాంటిదే అయ్యుంటుంది.

ఇంకో మాట, ప్రకృతి అందం అని రాసిన 17 మందిలో నేనూ ఒకడినే అనుకోండి. మేం తెలివితక్కువవాళ్లం కాదు. మూడేళ్లు ఏది రాస్తే మార్కులొచ్చాయో అదే రాస్తాం. కొత్త కవిత ఇచ్చి సొంతంగా రాయమంటే భయం, తప్పు రాస్తే సున్నా వస్తుందేమోనని. ప్రకృతి అందం అని రాస్తే కనీసం రెండు మార్కులు గ్యారంటీ. ఒక్క లెక్చరర్ మాత్రం ప్రతి శనివారం ఒక పేజీ డైరీ రాయించేవారు, చదివిన కథలో నీకు అర్థంకాని ఒక్క చోటు గురించి రాయి అని. అర్థమైంది కాదు, అర్థంకానిది. దానికి మార్కులు లేవు. నాకు ఇంగ్లిష్ కొంచెమైనా వచ్చిందంటే ఆ డైరీల వల్లే.

ఐరన్‌మాస్టారు | మంగళవారం, రాత్రి 8:10

తమ్ముడూ, "ఏది రాస్తే మార్కులొచ్చాయో అదే రాస్తాం" అన్నది ఈ థ్రెడ్‌లో అసలు మాట. నాకు కొంచెం తగిలింది కూడా, మార్కులు వేసింది నేనే కాబట్టి.

డెంటన్‌పక్షి | బుధవారం, ఉదయం 8:55

నేను టెక్సస్‌లో ఒక యూనివర్సిటీ ఇంగ్లిష్ డిపార్ట్‌మెంట్‌లో కాంపోజిషన్ (వ్యాసరచన) చెబుతున్నాను. అడ్జంక్ట్‌ని, అంటే మన గెస్ట్ లెక్చరర్ లాంటి బతుకే. ఇక్కడా అక్రెడిటేషన్ ఉంది, ఇక్కడా ఈ ఏడుపు ఉంది. కానీ పద్ధతిలో ఒక తేడా ఉంది, అది చెప్దామని.

ఇక్కడ మార్కుల్ని ఔట్‌కమ్‌కి సాక్ష్యంగా పెద్దగా ఒప్పుకోరు. ఎందుకంటే గ్రేడులో అటెండెన్స్ కలుస్తుంది, లేటుగా ఇచ్చినందుకు కోత కలుస్తుంది, పిల్లాడి మీద టీచర్‌కున్న అభిమానం కూడా కలుస్తుంది. అందుకని ఏడాది చివర సీనియర్ పిల్లల పేపర్లలోంచి ఒక ముప్పై తీసి, పేర్లు కొట్టేసి, ఆ క్లాసు చెప్పని ఇద్దరికి ఇస్తాం. ముందే రాసిపెట్టుకున్న రూబ్రిక్, అంటే ఎలా రాస్తే ఏ మెట్టో చెప్పే పట్టిక, ఉంటుంది. ఏఏసీ అండ్ యూ అనే సంస్థ వేల్యూ రూబ్రిక్స్ అని 16 తయారుచేసింది, రాత, చదువు, విమర్శనాత్మక ఆలోచన ఇలా ఒక్కోదానికి ఒక్కోటి, 1 నుంచి 4 దాకా మెట్లు. చాలామంది వాటినే కొంచెం మార్చుకుని వాడతారు. ఒకే పేపరుకి ఒకరు 1, ఇంకొకరు 3 ఇచ్చారనుకోండి, మూడో మనిషి చదువుతాడు.

అసలు మజా పేపర్లు దిద్దక ముందు జరిగే మీటింగ్‌లో. అందరం ఒకే మూడు పేపర్లు చదివి మార్కులు చెప్పాలి. పోయినసారి "ఆధారం చూపించడం" అంటే ఏమిటని గంటన్నర కొట్టుకున్నాం. కొటేషన్ అతికిస్తే చాలా, దాన్ని విప్పి చెప్పాలా? ఇరవై ఏళ్లుగా ఒకే కారిడార్‌లో ఉన్న మనుషులు, ఆ మాట మీద ఏకాభిప్రాయం లేదని ఆ రోజే తెలిసింది.

అన్నీ బాగున్నాయని అనను. ఆ రిపోర్టు చివరికి సొరుగులోకే పోతుంది. దాన్నిబట్టి సిలబస్ మార్చాలి అంటారు, మార్చినవాళ్లని నేను ఒక్కసారే చూశాను. పైగా ఆ ముప్పై పేపర్లు చదివినందుకు మా అడ్జంక్టులకు డబ్బులివ్వరు.

ఫైళ్లరాజు | బుధవారం, ఉదయం 9:30

ముప్పై పేపర్లు, ఇద్దరు మనుషులు. ఇది మనమూ చేయొచ్చు కదా. న్యాక్ ఫైల్లో పెట్టడానికీ బ్రహ్మాండంగా ఉంటుంది, మినిట్స్ రాసుకుంటే, ఫోటోలు జియోట్యాగ్ చేస్తే...

ఐరన్‌మాస్టారు | బుధవారం, ఉదయం 9:34

ఫోటోలతో మొదలుపెట్టావు నాయనా.

మల్లెపాదు | బుధవారం, రాత్రి 9:05

కొత్తగా చేరాను, తప్పుంటే చెప్పండి. నేను తెలంగాణలో గవర్నమెంట్ డిగ్రీ కాలేజీలో చేస్తాను.

నాకో డౌటు. సుద్దముక్క మేడమ్ ఆ 9 మందిని ఎలా లెక్కపెట్టారు? అంటే ఇంగ్లిష్ బాగా రాసినవాళ్లా, కవిత బాగా చదివినవాళ్లా? మా దగ్గర పిల్లలు చాలామంది టెన్త్ దాకా తెలుగు మీడియం. నోటితో తెలుగులో అడిగితే కవిత గురించి అద్భుతంగా చెబుతారు. కాగితం మీద ఇంగ్లిష్‌లో రాయమంటే "ద పోయెట్ ఈజ్ వెరీ గ్రేట్ పోయెట్" దగ్గర ఆగిపోతారు. మరి మనం కొలుస్తున్నది ఏది?

సుద్దముక్క | బుధవారం, రాత్రి 10:50

మల్లెపాదు గారూ, మీరు అడిగాక ఆ కట్ట మళ్లీ తీశాను. మంచి దెబ్బ తగిలిందండీ.

17 మంది కట్టలో ఒకమ్మాయి పేపరు. మొదటి రెండు లైన్లు ప్రకృతి అందమే, అలవాటుగా రాసేసింది, నేను అక్కడే ఆగి పక్కన పెట్టేశాను. నా మీద నాకే సిగ్గేసింది. మూడో లైనులో ఉంది: "మదర్ నో మనీ సో షీ టెల్ బస్ కమ్. బస్ నాట్ కమ్. షీ లై బికాజ్ షీ షేమ్." వ్యాకరణం ఒక్కటీ సరిగ్గా లేదు. కానీ ఆ 38 మందిలో అమ్మ అబద్ధం ఎందుకు చెప్పిందో, దాని వెనక సిగ్గుందని పట్టుకున్నది ఆ పిల్ల ఒక్కతే. నేను 9 మందిలో వేసుకున్నవాళ్లు కూడా "డబ్బులేక" అన్నారే గానీ సిగ్గు దాకా పోలేదు. ఈ అమ్మాయికి ఎప్పుడూ నలభైల్లోనే మార్కులు.

2.36 లెక్కలో ఈ పిల్ల సగం మార్కుల గీత కింద ఉంది.

బీటెక్‌ఇంగ్లిష్ | బుధవారం, రాత్రి 11:15

అందుకే రూబ్రిక్‌లో వాటిని విడగొట్టాలి. చదవడం ఒక వరస, ఆధారం ఒక వరస, భాష ఒక వరస. ఒక్కోటి 4కి. ఈ అమ్మాయికి చదవడం 4, ఆధారం 2, భాష 1. కలిపి 12కి 7 అని చెప్పొద్దు, విడివిడిగానే ఉంచండి. కలిపితే మళ్లీ 2.36 దగ్గరికే వస్తాం.

ఏపీలో 2021-22 నుంచి డిగ్రీలో అందరికీ ఇంగ్లిష్ మీడియమే అయ్యాక ఈ విడగొట్టడం ఇంకా అవసరం. హిస్టరీ మాస్టారికీ ఇదే గొడవ, పిల్లాడికి హిస్టరీ రాదా, ఇంగ్లిష్ రాదా ఆయనకూ తెలియదు.

ఐరన్‌మాస్టారు | గురువారం, ఉదయం 6:20

ఒప్పుకోను. బీఏ ఇంగ్లిష్ పట్టా చేతికిచ్చి భాషకి 1 అంటే ఎలా? రేపు ఆ అమ్మాయి స్కూల్లో ఇంగ్లిష్ టీచర్ అవుతుంది. మనసు మంచిదని డ్రైవింగ్ లైసెన్స్ ఇస్తామా? అయ్యో పాపం అని నేనూ చాలాసార్లు రెండు మార్కులు కలిపాను, అది మేలు కాదని తర్వాత తెలిసింది.

మల్లెపాదు | గురువారం, ఉదయం 8:40

మాస్టారూ, ఆ 1ని దాచమనడం లేదండీ. 1 అని స్పష్టంగా రాస్తేనే కదా మూడో సెమిస్టర్‌లో ఆ పిల్లకి గ్రామర్ చెప్పాలని తెలిసేది. ఇప్పుడు నలభై చిల్లర మార్కులు అని మాత్రమే తెలుసు. ఆ మార్కులు చూసి ఆ పిల్ల ఏమనుకుంటుందంటే నాకు లిటరేచర్ రాదు అనుకుంటుంది. వచ్చు. రానిది వాక్యం.

మీ ఐరన్ కుర్రాళ్లకి వాక్యాలు చక్కగా వచ్చాయి. వాళ్లకి భాష 3 ఇచ్చి చదవడం 0 ఇద్దామా?

ఐరన్‌మాస్టారు | గురువారం, ఉదయం 9:15

😀 సరే. ఆ సున్నా నాకు చాలా ఇష్టంగా ఉంది. ఒప్పుకున్నాను, సగం.

ఫైళ్లరాజు | గురువారం, మధ్యాహ్నం 12:10

ఇప్పుడు నేను కొంచెం పనికొచ్చే మాట చెప్తాను, ఫోటోల ఊసెత్తను. ఎక్స్‌టర్నల్ మన చేతిలో లేదు, యూనివర్సిటీ పేపరు మారదు. ఇంటర్నల్ 25 మాత్రం మనదే. అందులో అసైన్‌మెంటుకని కొన్ని మార్కులుంటాయి, గైడులోంచి ఎక్కించిన నాలుగు ఏఫోర్ కాగితాలకి ఇచ్చేస్తున్నాం. దాని బదులు సెమిస్టర్ మొదటి వారంలో ఒక తెలియని కవిత, చివరి వారంలో ఇంకో తెలియని కవిత, అవే మూడు ప్రశ్నలు. రెండిటినీ పక్కపక్కన పెడితే ఈ పిల్ల ఎంత నడిచిందో కనపడుతుంది. మార్కులు రాసినందుకు ఇవ్వండి, సరిగ్గా రాసినందుకు కాదు, అప్పుడు పాతబ్యాచ్ చెప్పిన భయం కొంత పోతుంది. షీట్లో 2.6.2కి, అంటే ఔట్‌కమ్స్ అందాయా అన్న ప్రశ్నకి, దీన్నే పెట్టండి. అంకె తగ్గుతుంది, తగ్గనివ్వండి. పీర్ టీమ్ (న్యాక్ తరఫున తనిఖీకి వచ్చేవాళ్లు) వస్తే నేనైతే అదే చూపిస్తాను, అంతా పచ్చగా ఉన్న షీటు వాళ్లు రోజుకి పది చూస్తారు.

పాతబ్యాచ్ | గురువారం, మధ్యాహ్నం 12:40

సార్ రెండో కవిత కూడా వచ్చే ఏడాదికి గైడులో వస్తుంది, రాసిపెట్టుకోండి. లేదా ఫోన్లో ఏఐని అడిగి రాస్తారు. క్లాసులోనే, పెన్నుతో, అరగంటలో రాయించాలి. ఏటా కవిత మార్చాలి.

డెంటన్‌పక్షి | గురువారం, రాత్రి 8:30

క్లాసులోనే రాయించండి, అవును. మేమూ ఈ రెండేళ్లలో బ్లూబుక్కుల (క్లాసులో చేత్తో రాసే పరీక్ష పుస్తకాలు) దగ్గరికి వెనక్కొచ్చాం. ఇంకోటి, రెండో రీడర్ బయటి కాలేజీ మనిషైతే మేలు. సొంత పిల్లల చేతిరాత గుర్తుపట్టేస్తాం, పేరు కొట్టేసినా లాభం లేదు.

సుద్దముక్క | శుక్రవారం, రాత్రి 10:05

మా కొలీగ్‌తో కూర్చుని ఆ 38 పేపర్లూ మూడు వరసల్లో మళ్లీ దిద్దాం, ఒకరిది ఒకరు చూడకుండా. భాష దగ్గర ఇద్దరికీ దాదాపు ఒకటే వచ్చింది. ఆధారం దగ్గర 11 పేపర్లలో రెండు మెట్లు తేడా. పోట్లాట మామూలుగా లేదు, డెంటన్ గారు చెప్పినట్టే. ఆవిడ కవిత ఆవిడే రాసింది కాబట్టి పిల్లలు ఏం రాసినా "అవును, నేను అదే అనుకున్నా" అంటోంది! కవిని రెండో రీడర్‌గా పెట్టుకోకూడదని తెలిసింది.

ఆ అమ్మాయిని పిలిచి మూడు అంకెలూ చూపించాను. చదవడం పక్కన 4 చూసి, పేపరు మారిపోయిందేమో మేడమ్ అంది.

ఆ 11 పేపర్లు బయటివాళ్లు ఎవరైనా చదువుతారా? పేర్లు తీసేసి స్కాన్ చేసి పంపిస్తాను. డబ్బులు లేవు, కాఫీ ఇప్పిస్తాను మా ఊరొస్తే.

మల్లెపాదు | శుక్రవారం, రాత్రి 10:20

నాకు ఐదు పంపండి మేడమ్. బదులుగా మా పిల్లలవి ఐదు మీరు చూడాలి. మా వాళ్ల చేతిరాతకి ముందే సారీ.

ఐరన్‌మాస్టారు | శుక్రవారం, రాత్రి 10:48

మిగతా ఆరు నాకు. పేపరుకి ఏడు నిమిషాలు కాదు, అరగంట తీసుకుంటా, ఇప్పుడు తొందరేముంది. ముందు ఆ కవిత ఒక్కటే పంపండి, మీ జవాబులు వద్దు. నేనూ ఆ మూడు ప్రశ్నలకీ రాసి చూసుకుంటా.

పాతబ్యాచ్ | శుక్రవారం, రాత్రి 10:51

మాస్టారి పేపరు నేను దిద్దుతా 🙋 పేరు కొట్టేయక్కర్లేదు.